హబ్సిగూడ అద్దె వదిలి అన్నోజిగూడ వెళ్తే నెలకు నిజంగా మిగిలేది ఎంత?

కొత్తకాపురం_హబ్సిగూడ

హబ్సిగూడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు అద్దె 20,000, మెయింటెనెన్స్ 2,000. ఘట్‌కేసర్ దగ్గరి అన్నోజిగూడలో అంతే ఫ్లాట్ 12,000, మెయింటెనెన్స్ 1,500 అంటున్నారు. ఒకరి ఆఫీసు హైటెక్ సిటీ, ఇంకొకరిది సికింద్రాబాద్. నెలకు 22 పనిదినాలు. పాప ఒకటో తరగతి. పైకి 8,500 మిగులు కనిపిస్తోంది. అటువైపు సంగతులు తెలిసినవాళ్లు అసలు ఖర్చులు చెప్పండి. నీళ్లు, కరెంటు, బస్సు, మెట్రో, స్కూలు వ్యాను, ఏదీ వదలొద్దు. తర్వాత అక్కడే కొనే ఆలోచన కూడా ఉంది.

జమాఖర్చు

ముందు ప్రయాణం తేలితే సగం లెక్క తేలినట్టే. బండి ఖర్చంటే అందరూ పెట్రోలు ఒక్కటే చూస్తారు. లీటరు 107.50, ట్రాఫిక్‌లో మైలేజీ 45 అనుకుంటే కిలోమీటరుకు 2.39. దీనిమీద ఇంకా ఉన్నాయి. 3,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చి సర్వీసింగ్ చేయిస్తే 1,200, అంటే 40 పైసలు. 25,000 కిలోమీటర్లలో రెండు టైర్లు, చైన్ సెట్టు, బ్రేక్ షూలు కలిపి 7,500 అయితే 30 పైసలు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే బండికి ఇన్సూరెన్స్ 1,800 కడితే 18 పైసలు. 90,000 పెట్టి కొన్న బండి 80,000 కిలోమీటర్లు తిరిగాక 30,000కు పోతే అరుగుదల 75 పైసలు. అన్నీ కలిపితే కిలోమీటరుకు నాలుగు రూపాయలు. పెట్రోలు మాత్రమే వేసుకుంటే లెక్క నలభై శాతం తప్పుతుంది.

అన్నోజిగూడ నుంచి ఉప్పల్ మెట్రోకు సుమారు 12 కిలోమీటర్లు. రానుపోను 24, నెలకు 528 కిలోమీటర్లు, 2,112 రూపాయలు. పార్కింగ్‌కు రోజుకు 20 వేసుకుంటే 440. మొత్తం 2,552. మెట్రో టికెట్‌ను ఇందులో కలపడం లేదు. 2025 మేలో ఛార్జీలు పెంచి, ఆపైన 10 శాతం తగ్గించాక గరిష్ఠ టికెట్ 69. హైటెక్ సిటీకి హబ్సిగూడలో ఎక్కినా ఉప్పల్‌లో ఎక్కినా తేడా కొద్ది రూపాయలే, ఆ ఖర్చు మీకు ఇప్పటికే ఉంది.

మెట్రో వద్దు, బండి మీదే హైటెక్ సిటీ వెళ్తాను అంటే ఒకవైపు దాదాపు 38 కిలోమీటర్లు. నెలకు 1,672 కిలోమీటర్లు, 6,688 రూపాయలు. మెట్రో టికెట్ మిగిలినా ఇది గిట్టుబాటు కాదు, పైగా ఒళ్లు హూనం.

280_బస్సు

ఉప్పల్ దాకా బండి ఎందుకన్నా? సికింద్రాబాద్ – ఘట్‌కేసర్ 280 బస్సులు ఉప్పల్ మీదికెళ్లే పోతయి. 2025 జూన్‌ల పెంచినంక ఆర్డినరీ పాస్ 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,600, డీలక్స్ 1,800. ఆర్డినరీ పాస్ తీస్కుంటే ఎక్స్‌ప్రెస్ ఎక్కనియ్యరు, అందుకే ఆ 200 కాడ పొదుపు చూడొద్దు. ఏ బస్సు ముందొస్తే అది ఎక్కేటట్టుంటేనే పాస్ పనికొస్తది. అట్ల 1,600 పాస్ తీస్కుంటే బండి మీద పెట్టే 2,552ల దాదాపు 950 మిగులుతది.

మీ ఇంట్ల సికింద్రాబాద్ పొయ్యేది ఆడవాళ్లయితే ఆ ఖర్చు సున్నా. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తున్నది. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల జీరో టికెట్. డీలక్స్, ఏసీ బస్సులల్ల చెల్లదు. తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపియ్యాలె. ఆధార్ మీద వేరే రాష్ట్రం అడ్రస్ ఉంటే ముందుగాల అది మార్పించుకోండ్రి.

ఒక్కటి యాద్ పెట్టుకోండ్రి. సాయంత్రం సికింద్రాబాద్‌ల ఎక్కినోళ్లకు సీటు దొరుకుతది. ఉప్పల్ రింగ్‌రోడ్డు కాడ ఎక్కినోళ్లు నిలబడుడే. మెట్రో దిగి స్కైవాక్ మీదికెళ్లి వరంగల్ రోడ్డు దిక్కు దిగితే సిగ్నల్ దాటే బాధ ఉండదు.

రైలుబండి

ఎంఎంటీఎస్ లోకల్ రైలును మరవొద్దు. మొదటి దశ 2003లో మొదలైంది, ఘట్‌కేసర్ వైపు మాత్రం రెండో దశలో, 2024 మార్చిలో వచ్చింది. మౌలాలి – సనత్‌నగర్ లైను మీదుగా లింగంపల్లికి పోతుంది, సికింద్రాబాద్ స్టేషన్ తగలదు. కనీస ఛార్జీ 5 రూపాయలే. హైదరాబాద్‌లో టికెట్ కొని చేసే ప్రయాణాల్లో ఇంత చవకైంది ఇంకోటి లేదు.

చిక్కల్లా రైళ్లు తక్కువ కావడమే. ఆఫీసు వేళకు సరిపడే రైలు ఒకటి తప్పితే తర్వాతిదాని కోసం నిలబడే పరిస్థితి లేదు. అందుకని అద్దె ఒప్పందం చేసుకునే ముందే, వరసగా ఒక వారం పనిదినాల్లో మీ వేళకు వచ్చే రైలు నిజంగా ఎన్నింటికి వస్తోందో రైల్వే యాప్‌లో రన్నింగ్ స్టేటస్ చూసుకోండి. టైంటేబుల్ చూసి ఇల్లు తీసుకోకండి.

సీజన్ టికెట్ విషయం: మూడు నెలలది తీసుకుంటే నెల టికెట్‌కు 2.7 రెట్లే పడుతుంది. కాజీపేట వైపు నుంచి వచ్చే ప్యాసింజర్లు ఘట్‌కేసర్‌లో ఆగుతాయి, సికింద్రాబాద్ వెళ్లేవాళ్లకు అవి బాగా పనికొస్తాయి. సీజన్ పెట్టుకుని రిజర్వేషన్ బోగీ ఎక్కితే జరిమానా తప్పదు. విడి టికెట్‌ను యాప్‌లో తీసేవాళ్లు స్టేషన్ లోపలికి వెళ్లకముందే తీసుకోవాలి, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పేపర్‌లెస్ టికెట్ తీస్తే లొకేషన్ చూసి ఆపేస్తుంది.

జమాఖర్చు

రైలుబండి గారూ, రోజూ ఒకే రైలు మీద ఆధారపడే ఇంటికి రెండో దారి ఖర్చు కూడా లెక్కలో వేయాలి. నెలలో నాలుగైదు సార్లు రైలు తప్పి ఉప్పల్ వరకు ఆటో, బైక్ ట్యాక్సీ పట్టుకుంటే రైలులో మిగిలింది అక్కడే పోతుంది. ఘట్‌కేసర్ స్టేషన్‌కు నడక దూరంలో ఇల్లు దొరికితేనే రైలు లెక్క నిలుస్తుంది. అన్నోజిగూడ నుంచి స్టేషన్‌కు మళ్లీ బండో ఆటోనో కావాలి.

రైలుబండి

అది ఒప్పుకుంటాను. స్టేషన్‌కు కిలోమీటరున్నర దాటితే బస్సే నయం. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల అద్దె ఇళ్లు వెతికేవాళ్లు పెరిగారు. దూరప్రాంత రైళ్లకు అది బాగుంటుంది. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి అది కారణం కాకూడదు.

సంప్‌_మూత

ఇక నీళ్లు. ఈ వైపు ఇళ్ల ఖర్చులో అందరూ తక్కువగా వేసుకునేది ఇదే.

మనిషికి రోజుకు 135 లీటర్లు. నలుగురికి 540. పదిహేను ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు 8,100 లీటర్లు. ఏప్రిల్‌లో బోరు పూర్తిగా ఎండితే నెలకు 2,43,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 49. ప్రైవేటు ట్యాంకర్ 1,000 చొప్పున 49,000. ఫ్లాటుకు 3,267. జలమండలి ట్యాంకర్ 5,000 లీటర్లకు గృహావసరాల ధర 500, కానీ ఎండాకాలంలో బుక్ చేస్తే వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగలేకపోవడం వల్లే ప్రైవేటు ట్యాంకర్ పిలుస్తారు.

ట్యాంకర్ పూర్తిగా వచ్చిందా లేదా అని ఎలా తెలుస్తుంది? సంప్ కొలత తీసుకోండి. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న సంప్‌లో 5,000 లీటర్లు పోస్తే మట్టం 83 సెంటీమీటర్లు పెరగాలి. సంప్ గోడ మీద పది సెంటీమీటర్లకో గీత ఎనామిల్ పెయింట్‌తో గీయించండి. పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి టార్చి వేసి చూడండి. 70 దగ్గర ఆగితే 800 లీటర్లు తక్కువ పోసినట్టు. పోసేటప్పుడు మోటారు ఆపి ఉంచాలి, లేకపోతే కొలత తప్పుతుంది. వాచ్‌మన్‌తో ఒక నోటుబుక్‌లో తేదీ, బండి నంబరు, ముందు మట్టం, తర్వాత మట్టం రాయిస్తే వారంలో కొలత సరిపోతుంది.

అద్దెకు దిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి: బోరు ఎన్ని అడుగులు, మోటారు ఏ లోతులో దింపారు, పోయిన మే నెలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు. మూడోదానికి సెక్రటరీ దగ్గర రసీదులు ఉంటాయి. ‘మాకు నీళ్ల సమస్యే లేదండీ’ అన్నవాళ్లను కూడా రసీదులే అడగండి.

కొత్తకాపురం_హబ్సిగూడ

జలమండలి ఉచిత నీళ్ల పథకం అక్కడ వర్తిస్తుందా? టు-లెట్ ప్రకటనల్లో ‘20 వేల లీటర్లు ఫ్రీ’ అని రాస్తున్నారు.

సంప్‌_మూత

ఆ పథకం 2021 జనవరిలో అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధిలోని ఇళ్లకు వచ్చింది. నెలకు 20 కిలోలీటర్లు, మీటరు ఉండాలి, ఆధార్ అనుసంధానం కావాలి. శివారు మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలపడం వేరు, మీ అపార్ట్‌మెంట్ కనెక్షన్‌కు పథకం అమలు కావడం వేరు. ప్రకటన నమ్మొద్దు. కనెక్షన్ క్యాన్ నంబరు (బిల్లు మీది ఖాతా సంఖ్య) అడిగి, తాజా బిల్లు చూడండి. బిల్లులో సున్నా ఉంటే ఉంది, లేకుంటే లేదు. అసలు ఆ అపార్ట్‌మెంట్‌కు నల్లా కనెక్షనే లేకపోవచ్చు, బోరు మీదే నడుస్తుండవచ్చు. బోరు నీళ్లయితే తాగడానికి 20 లీటర్ల క్యాన్లు అదనం. ఇద్దరు పెద్దలు, ఒక పాప ఉన్న ఇంటికి వంటతో కలిపి రెండు రోజులకో క్యాను పడుతుంది.

బోరు నీటిలో సున్నం ఎక్కువైతే గీజర్ కాయిల్ మీద పేరుకుంటుంది. వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతోంది, లోపల పటపటమని చప్పుడు వస్తోంది అంటే అదే. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించి ఆనోడ్ రాడ్ (ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే కడ్డీ) చూడమనాలి. ఆ రాడ్ కరిగిపోయాక పట్టించుకోకపోతే ట్యాంకు తుప్పు పట్టి కారుతుంది, అప్పుడు గీజరే మార్చాలి.

కరెంటాయన

కరెంటు దగ్గర అసలు దెబ్బ 200 యూనిట్ల గీత మీద ఉంది. తెలంగాణలో గృహ వినియోగం నెలకు 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. అంటే సరిగ్గా 200కు 820. ఒక్క యూనిట్ దాటి 201 అయితే లెక్క మొదటి నుంచీ మారిపోతుంది. మొదటి 200కు 5.10 చొప్పున 1,020, ఆపైన యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207.70 అదనం. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల సుంకం వీటిమీద వేరే.

కాబట్టి 210–240 మధ్య ఆడే ఇల్లు కొంచెం తగ్గించుకుంటే లాభం బాగా ఉంటుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టూ. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 60. 230 యూనిట్ల బిల్లు 1,251 నుంచి 170 యూనిట్లకు, అంటే 676కు దిగుతుంది. నెలకు 575. ఈ మూడు ఫ్యాన్ల ధర ఏడాదిన్నరలో తిరిగి వస్తుంది. అద్దె ఇల్లయితే పాత ఫ్యాన్లు జాగ్రత్తగా అటక మీద పెట్టి, వెళ్లేటప్పుడు తిరిగి బిగించండి.

తెల్ల రేషన్ కార్డు ఉంటే గృహజ్యోతి కింద 200 లోపు జీరో బిల్లు, 2024 మార్చి నుంచి. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. కానీ ఆ సర్వీసు నంబరుకు పాత కిరాయిదారు కార్డు జతై ఉంటే మీది జతకాదు. ఇల్లు తీసుకునే ముందే ఓనరుతో చెప్పి, ప్రజాపాలన సేవా కేంద్రంలో పాతది తీయించాలి.

కామన్ మీటరు మాట ఎవరూ ఎత్తలేదు. 5 హెచ్‌పీ బోరు మోటారు గంటకు దాదాపు 5 యూనిట్లు లాగుతుంది. రోజుకు నాలుగు గంటలంటే నెలకు 600. శ్లాబుల్లో లెక్కేస్తే 1,020 + 770 + 900 + 1,900 = 4,590. పదిహేను ఫ్లాట్లకు పంచితే 306. లిఫ్టు, మెట్ల లైట్లు దీనికి అదనం. ఫ్లాట్లలో సగం ఖాళీగా ఉండి ఓనర్లు మెయింటెనెన్స్ కట్టకపోతే ఆ 306 కాస్తా 600 అవుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇది తరచూ జరిగేదే. ఎంతమంది ఉంటున్నారో రాత్రి ఎనిమిదికి వెళ్లి వెలిగే కిటికీలు లెక్కపెట్టండి, తెలిసిపోతుంది.

మోటారు కాలడానికి మొదటి కారణం నీళ్లు లేకుండా తిరగడం. స్టార్టర్‌లో డ్రై-రన్ రక్షణ ఉందా లేదా అని అడగండి. అది లేక ఎండాకాలంలో మోటారు కాలితే పైకి తీయడం, వైండింగ్, మళ్లీ దింపడం, ఆ రెండుమూడు రోజుల ట్యాంకర్లు, అన్నీ ఫ్లాట్ల మీద పడతాయి.

గృహిణి_మేడిపల్లి

పాప ఒకటో తరగతి అన్నారు కాబట్టి ఈ మాట. ఇక్కడి స్కూళ్లలో ఫీజు కాగితం వేరు, వ్యాను కాగితం వేరు. వ్యాను నెలకు 2,000 అయితే పది నెలలకే తీసుకుంటారు, పన్నెండుకు పంచుకుంటే 1,667. కొన్ని చోట్ల ఏప్రిల్ నెలకూ కట్టమంటారు, చేర్చేటప్పుడే రాయించుకోండి. స్టాప్ ఎక్కడో కూడా ముఖ్యం. కాలనీ గేటు దగ్గర ఎక్కిస్తామని చెప్పి, జూన్ తర్వాత మెయిన్ రోడ్డుకు రమ్మంటారు. ఇద్దరూ ఉదయాన్నే వెళ్లేవాళ్లయితే పాపను ఎక్కించేదెవరు, దింపుకునేదెవరు? సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా డేకేర్ అవసరమైతే అది అన్నింటికంటే పెద్ద ఖర్చు. హబ్సిగూడలో ఇప్పుడు పక్కింటివాళ్లో అమ్మమ్మో చూస్తుంటే ఆ సాయం విలువ అద్దెలోనే ఉందనుకోండి.

స్కూలు మారుస్తుంటే డొనేషన్, అడ్మిషన్ ఫీజు, కొత్త యూనిఫాం, పుస్తకాలు మళ్లీ మొదటి నుంచి. మార్చిలో మారితేనే మేలు. నడుమ మారితే రెండు చోట్లా టర్మ్ ఫీజు పోతుంది.

కిరాణా_చీటీ

కూరగాయలు, పాలు దాదాపు ఒకటే. వారం సంతలో టమాట, ఆకుకూర హబ్సిగూడ కంటే తక్కువకే వస్తాయి, కానీ ఫోన్‌లో సరుకులు తెప్పించుకునే అలవాటుంటే ఆ మిగులు డెలివరీ ఛార్జీలకే పోతుంది.

బియ్యం బస్తా కొనేటప్పుడు బరువు చూడండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ. అందుకే మిల్లులు 26 కిలోల బస్తాకు మారాయి. షాపులో ఇప్పటికీ ‘పాతిక కిలోల బస్తా’ అనే పిలుస్తారు. 26 కిలోలు 1,450 అయితే కిలో 55.77. 10 కిలోల ప్యాకెట్ అదే కిలో ధరకు ఇస్తామన్నా అందులో పన్ను కలిసి ఉంటుంది కాబట్టి లోపలి బియ్యం రకం తగ్గించారేమో చూసుకోవాలి. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. అడ్రస్ మారినా తెలంగాణలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు, వేలిముద్ర పడితే చాలు.

గ్యాస్ 2025 ఏప్రిల్ పెంపుతో హైదరాబాద్‌లో 14.2 కిలోల సిలిండర్ 905కు చేరింది. కనెక్షన్ దగ్గరి ఏజెన్సీకి మార్పించుకోండి. పాత ఏజెన్సీ పరిధి దాటితే డెలివరీ రాదు, గోడౌన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. మార్పు యాప్‌లోనే అయిపోతుంది.

జమాఖర్చు

ఇప్పుడు అన్నీ ఒకచోట వేద్దాం. అద్దె, మెయింటెనెన్స్ తేడా 8,500. అందులో ఉప్పల్ దాకా బండి, పార్కింగ్ 2,550 పోయింది. సికింద్రాబాద్ వైపు బస్సు ఉచితం అయినా, రాత్రి ఆలస్యమైనప్పుడు ఆటోలకు 1,000 పెట్టుకోవాలి. స్కూలు వ్యాను 1,650. ట్యాంకర్లు మూడు నెలలు, బోరు సగం ఇస్తుందనుకుని, పన్నెండుకు పంచితే 400. మిగిలింది 2,900. డేకేర్ ఇందులో లేదు.

ఇక ఒక్కసారి పెట్టే ఖర్చు. పాత ఇంట్లో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు, 20,000. కొత్త ఇంటి బ్రోకర్‌కు ఒక నెల, 12,000. లారీ, కూలీలు 8,000. మొత్తం 40,000. దీన్ని 2,900తో భాగిస్తే దాదాపు 14 నెలలు. అద్దె ఒప్పందం 11 నెలలు. అంటే రెండో ఏడు అక్కడే ఉండి, అప్పుడు కూడా ఓనరు అద్దె పెద్దగా పెంచకపోతేనే మీ చేతికి రూపాయి మిగులుతుంది. అందుకే ఒప్పందంలో రెండో ఏడాది పెంపు 5 శాతమని ముందే రాయించండి.

అన్నిటికంటే ముఖ్యమైంది రెండో బండి. సికింద్రాబాద్‌కు బస్సు బదులు స్కూటర్ అయితే ఒకవైపు 22 కిలోమీటర్లు, నెలకు 968 కిలోమీటర్లు, 3,872. ఆటోల 1,000 తీసేసినా అదనం 2,872. 2,900 మిగులు అక్కడితో పూర్తిగా హరించుకుపోయింది. శివారుకు మారిన ఇళ్లు లెక్క తప్పేది చాలావరకు ఇక్కడే. మారేటప్పుడు ఒక బండి, ఆరు నెలల్లో రెండోది, ఏడాదికి కారు. ఒకే బండితో బతికే ఏర్పాటు లేకపోతే మారొద్దనే నా మాట.

పోచారం_ఎలక్ట్రిక్

రెండో బండి ఎలక్ట్రిక్ అయితే? పెట్రోలు ఖర్చు పోతుంది కదా.

కరెంటాయన

పోతుంది, కానీ శ్లాబు చూసుకోవాలి. ఛార్జింగ్ నష్టంతో కలిపి కిలోమీటరుకు 35 వాట్-అవర్లు పట్టుకుంటే 968 కిలోమీటర్లకు 34 యూనిట్లు. ఇల్లు 180 యూనిట్ల దగ్గర ఉంటే బిల్లు 724. బండితో 214 అయితే 1,127.80. అంటే నెలకు 404. పెట్రోలు అయితే అంత దూరానికి 2,313. తేడా పెద్దదే, ఒప్పుకోవాలి. గృహజ్యోతి ఇళ్లలో మాత్రం 200 దాటితే మొత్తం బిల్లు మీద పడుతుంది, కాబట్టి ఫ్యాన్లు మార్చి చోటు చేసుకున్నాకే బండి తేవాలి.

అద్దె అపార్ట్‌మెంట్లో ఛార్జింగ్ పాయింట్ మీ ఫ్లాటు మీటరు నుంచే దించుకోవాలి. విడి ఎంసీబీ, 16 ఆంపియర్ సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తింగ్. కామన్ మీటరు నుంచి లాగితే మొదటి నెలలోనే గొడవ. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో కింది అంతస్తు దాకా తేవడం అసలే వద్దు, ప్లగ్గు దగ్గర కరిగిపోతుంది.

280_బస్సు

ఉప్పల్ – నారపల్లి ఫ్లైఓవర్ పని 2018 సంది నడుస్తున్నది. ఆ రోడ్డు మీద బండి నడిపేటోళ్లు 25,000 కిలోమీటర్లకు టైర్లు అని రాసుకుంటే తప్పు. గుంతలు, కంకర, దుమ్ము. చైన్ తొందరగ వదులైతది, ముందు ఫోర్క్ ఆయిల్ సీళ్లు పోతయి. నెలకోపారి చైన్ కడిగి నూనె పెట్టుకోండ్రి, ఎయిర్ ఫిల్టర్ జల్ది మార్చుండ్రి. వానాకాలం నీళ్లు నిలిస్తే లోపల గుంత కానరాదు, నడుమల కెళ్లి పోవాలె.

కొత్తకాపురం_హబ్సిగూడ

కారు తీసుకుని ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదుగా హైటెక్ సిటీ వెళ్తే గంటలో చేరతారని కొందరు అంటున్నారు.

జమాఖర్చు

ఓఆర్‌ఆర్ మొత్తం 158 కిలోమీటర్లు. ఘట్‌కేసర్, హైటెక్ సిటీకి దిగే నానక్‌రామ్‌గూడ దాదాపు ఎదురెదురు. ఇటు తిరిగినా అటు తిరిగినా ఒకవైపు 75 కిలోమీటర్ల చుట్టూ. 2025 ఏప్రిల్ పెంపు ప్రకారం కారుకు కిలోమీటరు టోల్ 2.44, అంటే 183. లీటరుకు 16 ఇచ్చే కారుకు పెట్రోలు 504. ఒకవైపే 687. నెలకు 22 రోజులు రానుపోను 30,000 దాటుతుంది. కేంద్రం 2025లో 3,000కు తెచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఇక్కడ చెల్లదు, అది జాతీయ రహదారుల టోల్ గేట్లకే. బైకులకు ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు మీద అనుమతే లేదు, సర్వీసు రోడ్డే గతి. బీబీనగర్ దాటి భువనగిరి వైపు నుంచి కారులో వచ్చేవాళ్లకు మాత్రం గూడూరు టోల్ దగ్గర ఆ వార్షిక పాస్ పనికొస్తుంది. 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లు ముందు నెలవారీ లోకల్ పాస్ అడగాలి, రోజూ తిరిగేవాళ్లకు అది ఇంకా చవక.

పత్రాలు_చూడు

కొనే ఆలోచన గురించి. 40 లక్షల ఫ్లాట్‌కు 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ 34,713. మొత్తం అప్పుగా రాదు కాబట్టి చేతి డబ్బు ముందు లెక్కేసుకోవాలి. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. 40 లక్షల మీద 3 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కు జీఎస్టీ 5 శాతం, ఇంకో 2 లక్షలు. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు, రెండూ కుదిరితే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అనే అనుమతి పత్రం) వచ్చిన ఫ్లాట్‌కు జీఎస్టీ లేదు. బిల్డర్ చెప్పే చదరపు అడుగుల ధరలో పార్కింగ్, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ ఉమ్మడి నిధి) ఉండవు. అవన్నీ ఒకే కాగితం మీద రాసిమ్మనండి.

ఆక్యుపెన్సీ లేని ఫ్లాట్ రెండు మూడు లక్షలు తక్కువకు వస్తుంది. ఆస్తి పన్ను జరిమానాతో పడుతుంది, నల్లా కనెక్షన్ దగ్గర ఆగుతుంది, తిరిగి అమ్మేటప్పుడు కొనేవారికి బ్యాంకు అప్పు ఇవ్వదు. తక్కువకు వచ్చింది అప్పుడు పోతుంది. పన్ను సంగతి కూడా ఒకటి: ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తి పన్ను కడితే 5 శాతం తగ్గింపు. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ. అపార్ట్‌మెంట్ కొనేటప్పుడు పాత ఓనరు బకాయి ఎంతో ఆన్‌లైన్‌లో చూడండి, అది ఆస్తితోపాటే మీకు వస్తుంది.

సంప్‌_మూత

కొనేవాళ్లకు ఇంకోటి. 300 చదరపు మీటర్ల డాబా మీద హైదరాబాద్ వాన ఏడాదికి 800 మిల్లీమీటర్లు అనుకుంటే, అందులో 80 శాతం పట్టుకున్నా 1,92,000 లీటర్లు. 38 ట్యాంకర్లు. ఇంకుడు గుంత ఉంటే సరిపోదు, పనిచేయాలి. అడుగున 40 మిల్లీమీటర్ల రాయి, దాని మీద 20 మిల్లీమీటర్ల కంకర, పైన ఇసుక. ఏటా మే నెలలో పై ఇసుక పొర తీసి కడిగి మళ్లీ వేయాలి. అది చేయకపోతే బురద పేరుకుని నీళ్లు లోపలికి దిగవు, సెల్లార్‌లోకి వస్తాయి. మొదటి వాన నీళ్లు బయటికి పోయేలా పైపుకు వాల్వు ఉండాలి. బట్టలుతికే నీళ్లు, కారు కడిగిన నీళ్లు అందులోకి మళ్లించిన చోట్ల బోరు నీళ్లే పాడయ్యాయి.

కొత్తకాపురం_హబ్సిగూడ

అందరికీ చాలా థ్యాంక్స్. స్టేషన్‌కు నడక దూరంలో ఘట్‌కేసర్‌లోనే ఒక ఇల్లు ఉంది, అద్దె 11,000. ఈ ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. అక్కడ ఏం అడగాలి?

జమాఖర్చు

ఆదివారం వద్దండి. మంగళవారమో బుధవారమో ఉదయం ఏడున్నరకు వెళ్లండి. ఇంటి నుంచి స్టేషన్‌కు పాపను పట్టుకుని నడిచి చూడండి, ఆ రైలు ఎక్కి చూడండి. తిరిగి సాయంత్రం అదే దారిలో రండి. ఓనరును మూడు నెలల కరెంటు బిల్లులు, మే నెల మెయింటెనెన్స్ రసీదు అడగండి. మెయింటెనెన్స్‌లో నీళ్లు కలిసి ఉన్నాయా, ట్యాంకర్లు విడిగా పంచుతారా అనేది ఒప్పందంలో ఒక వాక్యంగా రాయించండి. అడ్వాన్స్ రెండు నెలలు మించి ఇవ్వొద్దు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో అంకెతో సహా రాయాలి. దిగే రోజు మీటరు రీడింగ్ ఫోటో తీసి, ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.

280_బస్సు

రైలు రాకుంటే బస్సు స్టాపు ఎంత దూరమో గూడ చూస్కోండ్రి.